ఓమ్నీ వ్యాన్ ఇండికేటర్లు ఎండకి ఆగిపోతున్నాయి, ఫ్లాషరే కారణమా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. మా పాత ఓమ్నీలో ఇండికేటర్లు పొద్దున చల్లగా ఉన్నప్పుడు టిక్కు టిక్కుమని బాగానే కొట్టుకుంటాయి. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టి తీస్తే శబ్దమూ లేదు, లైటూ లేదు. ఫ్లాషర్‌ను (ఇండికేటర్లను వెలిగిస్తూ ఆర్పుతూ ఉండే చిన్న డబ్బా) వేలితో తడితే కాసేపు మళ్ళీ వస్తాయి. హజార్డ్ స్విచ్ నొక్కినా ఇదే తీరు.

ఫ్యూజు బాగుంది. బల్బులన్నీ పాతరకం 21 వాట్లవే, ఎల్‌ఈడీలు వేయించలేదు. ఒకవైపు మాత్రమే గబగబా కొట్టుకుంటే ఆ వైపు బల్బో, ఎర్తో అనుకోవచ్చు. కానీ రెండు వైపులా ఒకేసారి పోతున్నాయి. అలా పోయినప్పుడు ఫ్లాషర్ పీకేసి, సాకెట్‌లో బి (బ్యాటరీ కరెంటు వచ్చేది), ఎల్ (బల్బులకు వెళ్ళేది) పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపి చూశాను. స్విచ్ ఎటు వేస్తే అటు బల్బులు ఆరకుండా వెలిగాయి. అంటే కరెంటు అందుతోంది, స్విచ్ కూడా బాగున్నట్టే కదా? మెకానిక్ మాత్రం స్టీరింగ్ కింద కాంబినేషన్ స్విచ్ మొత్తం మార్చాలంటున్నాడు. అంత ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

అమ్మానాన్నలను ఎక్కించుకుని గుత్తి వైపు హైవే 44 మీద లారీల మధ్య వెళ్ళాలి. ఇండికేటర్ లేకుండా లైను మారాలంటే చాలా టెన్షన్‌గా ఉంది.

పాత ఫ్లాషర్ మూడు పిన్నులది. షాపులో రెండు పిన్నులది ఇచ్చి, ఎర్త్ వైరు వదిలేయమంటున్నారు. అలా పెట్టొచ్చా? మూడు పిన్నులదే కొంటే పిన్నుల వరుస కాకుండా ఇంకేం సరిచూసుకోవాలి? ఈ పని చేసినవాళ్ళు దయచేసి చెప్పండి.