పిల్లలే నడిపే చర్చలో అందరూ మాట్లాడాలంటే ఏం చేయాలి?

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు సర్కారు హైస్కూల్లో తొమ్మిదో తరగతికి సైన్స్ చెప్తాను. పాఠం చదివిస్తే ఆవలించే పిల్లలు, ఫ్లోరైడ్ నీళ్ల సంగతి ఎత్తగానే నిటారుగా కూర్చున్నారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు ముప్పని చెప్తుండగానే ఒకమ్మాయి అడిగింది: "మా నాయనమ్మ కాళ్లు అందుకే వంగినయా సార్?" ఇంకొకడు, "ఇంట్ల నల్లా ఉంది గదా, బాయికాడ బోరు నీళ్లే ఎందుకు తాగుతరు?" అన్నాడు. ఇంతకంటే మంచి ప్రశ్నలు నేను తయారుచేయలేను. అందుకే చర్చ వాళ్లకే అప్పగించాను. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతి గురించి కూడా వాళ్లే తెలుసుకొచ్చి చెప్పుకుంటున్నారు.

చిక్కల్లా, ముందు బెంచీల మగపిల్లలే మాట్లాడతారు. వెనక అమ్మాయిలు నోట్సులో చక్కగా రాస్తారు, నోరు మాత్రం విప్పరు. నేను పేరుపెట్టి పిలిస్తే చర్చ కాస్తా అప్పజెప్పించుకున్నట్టు అయిపోతుంది. ఇంట్లో ఫ్లోరోసిస్ బాధితులున్న పిల్లల మనసు నొవ్వకూడదు, అదే నాకు ఎక్కువ టెన్షన్.

హైస్కూల్ పిల్లలకు చెప్పే టీచర్లు, మాట్లాడే వంతులు ఎలా పంచుతారు? ఊరి పెద్దవాళ్లను బడికి పిలిచి పిల్లలతో ప్రశ్నలు అడిగించవచ్చా? ఇలాంటి చర్చను ఎఫ్‌ఏ (ఏడాది పొడవునా బడిలోనే చేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు మార్కుల్లో కలిపినవాళ్లుంటే, ఏం చూసి మార్కులిచ్చారో దయచేసి చెప్పండి.