డంజన్ ఫైండర్ వచ్చాకే కలిసి ఆడటం పోయిందా?

పాతకాపు:
2009 డిసెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటకు 3.3 ప్యాచ్, అంటే కొత్త మార్పుల కూర్పు, వచ్చింది. దాని వెంట డంజన్ ఫైండర్ వచ్చింది. బొత్తాం నొక్కితే చాలు, దెబ్బలు కాచే ట్యాంకు ఒకరు, గాయాలు మాన్పే హీలరు ఒకరు, కొట్టేవాళ్లు ముగ్గురు ఎక్కడెక్కడి సర్వర్ల నుంచో వచ్చి నేరుగా డంజన్ (శత్రువులుండే గుహ) లోపల తేలతారు. ఇరవై నిమిషాల్లో పని ముగించుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. మధ్యలో ఒక్క మాట ఉండదు. కలిసి ఆడటం ఆ రోజే చచ్చిపోయిందని నా వాదన.

అంతకు ముందు సంగతి చెబుతాను. నలుగురం నైట్ ఎల్ఫులం, డెడ్‌మైన్స్ అనే డంజన్ చూద్దామని బయలుదేరాం. పడవ దిగి వెట్‌ల్యాండ్స్ మొసళ్ల మధ్య నుంచి చస్తూ, లేస్తూ, మళ్లీ చస్తూ ఐరన్‌ఫోర్జ్ చేరేసరికి రాత్రి పదకొండు. డంజన్ గుమ్మమైనా చూడకుండా పడుకున్నాం. ఆ నలుగురిలో ఇద్దరితో ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నాను. ఫైండర్‌లో తగిలినవాళ్లలో ఒక్కరి పేరైనా మీలో ఎవరికైనా గుర్తుందా?

లెక్కలమాస్టారు:
చిన్న సవరణ. "ఎక్కడెక్కడి సర్వర్ల నుంచో" అనడం తప్పు. 3.3లో అది ఒకే బ్యాటిల్‌గ్రూప్‌లోని, అంటే ఒకే గుంపుగా కట్టిన కొన్ని సర్వర్లను మాత్రమే కలిపింది.

నిద్రలేదు:
మొదలైంది.

శవయాత్ర:
2004లో వచ్చిన వార్‌క్రాఫ్ట్‌ను కష్టాల కాలమంటుంటే నవ్వొస్తోంది. 1999 నాటి ఎవర్‌క్వెస్ట్ ఆడినవాళ్లకు అది పుట్టిల్లు. ఎవర్‌క్వెస్ట్‌లో చస్తే కవచం, కత్తి, సంచీ అన్నీ శవం దగ్గరే ఉండిపోతాయి. మిమ్మల్ని చంపిన జంతువు తిరిగే చోటికే ఒట్టి చేతులతో పోయి తెచ్చుకోవాలి. సంపాదించిన అనుభవం కొంత పోతుంది, లెవెల్ కూడా దిగిపోవచ్చు. నెక్రోమాన్సర్‌ను బతిమాలితే శవాన్ని మీ కాళ్ల దగ్గరకు రప్పిస్తాడు. క్లెరిక్‌ను బతిమాలితే బతికించి, పోయిన అనుభవంలో చాలావరకు తిరిగి ఇప్పిస్తాడు. అందుకే ఎవరితోనూ తగవు పెట్టుకునేవాళ్లం కాదు, రేపు ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియదు కదా. ఆ మర్యాద భయం నుంచి పుట్టింది. దాన్ని స్నేహమని నేను అనను. కానీ పనిచేసింది.

మంత్రసాని:
పాతకాపు గారూ, మీ నలుగురూ ఒకే వేళకు ఆటలో ఉండగలిగారు కాబట్టి మొసళ్లు కూడా ముద్దొస్తున్నాయి. నేను కాకినాడ నుంచి ఆడతాను, ప్రీస్ట్‌ని, అంటే హీలరుని. మన దేశంలో ఈ ఆటకు సర్వర్ లేదు కనుక యూరప్ సర్వర్‌లో చేరాను. నాకు ఖాళీ దొరికేది ఉదయం పది గంటలకు, అప్పుడు వాళ్లకు ఇంకా తెల్లవారదు. ఛానెల్‌లో గంటసేపు అరిచినా పలికే దిక్కుండదు. ఫైండర్ వచ్చాక అదే వేళలో పావుగంటలో ఐదుగురం పోగయ్యేవాళ్లం. మీరు చచ్చిపోయిందంటున్న రోజునే నేను మొదటిసారి కలిసి ఆడాను.

పాతకాపు:
మంత్రసాని గారూ, ప్రీస్ట్‌ను ఎవరైనా కాదంటారా? హీలరు దొరికితే దండ వేసి తీసుకెళ్లేవాళ్లం. మీరు ఒక గిల్డులో, అంటే కలిసి ఆడేవాళ్ల సంఘంలో, చేరి ఉంటే వేళల సమస్యే ఉండేది కాదు.

అసలు విషయం పరువు. పాత రోజుల్లో ఒకడు తనకు పనికిరాని కత్తి లాక్కుని పారిపోతే మర్నాటికి సర్వర్ అంతా తెలిసేది, వాడిని ఇంకెవరూ పిలిచేవారు కాదు. ఫైండర్‌లో దొంగతనం చేసినా మళ్లీ మొహం చూడక్కర్లేదు.

లెక్కలమాస్టారు:
బ్యాటిల్‌గ్రూప్‌లో పరిమిత సంఖ్యలోనే సర్వర్లు ఉండేవి కనుక మళ్లీ తగిలే అవకాశం ఉండేది. మీ వాదన మొత్తం ఈ పొరపాటు మీదే నిలబడింది.

పాతకాపు:
మాస్టారూ, నిలబడలేదు.

ప్రోంతేరా_బిచ్చగాడు:
మీ గొడవలో మా రాగ్నరాక్ ఆన్‌లైన్ ఆట ఊసే లేదు. నెట్ సెంటర్‌లో గంటల లెక్కన డబ్బు కట్టి, అందులో ముప్పావు గంట ఆటలోని ప్రోంతేరా నగరం దక్షిణ ద్వారం దగ్గర కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లం. దారిన పోయే ఎకోలైట్ ఎవరో అడగకుండానే బ్లెస్సింగ్ (బలం పెంచే మంత్రం) వేసి వెళ్లేవాడు. ఆ సుఖం చాలు, డంజన్ ఎవడికి కావాలి.

పాతకాపు:
ఇదే నేనంటున్నది! పాత ఆట తిరిగి కావాలని జనం అడిగితే, 2013లో ఆట తయారుచేసే బ్లిజార్డ్ కంపెనీ జరిపే బ్లిజ్‌కాన్ సభలో కంపెనీ ప్రతినిధి వేదిక మీద నుంచి, మీకు కావాలనిపిస్తుంది కానీ నిజంగా అక్కర్లేదన్నట్టు కొట్టిపారేశాడు. అభిమానులు నడుపుకుంటున్న నోస్టాల్రియస్ సర్వర్‌ను 2016లో లాయర్ల నోటీసుతో మూయించారు. చివరికి 2019 ఆగస్టులో ఏం చేశారు? ఫైండర్ లేని క్లాసిక్‌ను వాళ్లే తెరిచారు. లోపలికి వెళ్లడానికి గంటల కొద్దీ వరుసలో నిలబడ్డాం. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మంత్రసాని:
ఆ క్లాసిక్‌లో నేనూ ఉన్నాను. రాగ్నరోస్ అనే పెద్ద బాస్‌ను మొదటిసారి పడగొట్టడానికి అసలు ఆటలో 2005 ఏప్రిల్ దాకా, అంటే ఐదు నెలలు పట్టింది. క్లాసిక్‌లో వారం పట్టలేదు. ప్రతి అడుగూ పదిహేనేళ్లుగా రాసిపెట్టి ఉంది మరి. ఎవరెంత కొట్టారు, ఎవరెంత బాగుచేశారు అన్న అంకెలు మర్నాడు వెబ్‌సైట్‌లో చూసుకుని మనుషుల్ని ఏరేవారు. ఫైండర్ లేదు, కానీ ఆ లెడ్జరు ఉంది.

మీరు చెప్పినట్టే గిల్డులో చేరాను. 2020, లాక్‌డౌన్ వేసవి. వాళ్ల రాత్రి ఎనిమిదికి రైడ్ (పెద్ద గుంపుగా బాస్‌ల మీదకు వెళ్లే ఆట), మనకు పదకొండున్నర. నెల రోజులు నిద్ర చంపుకుని వెళ్లాను. ఈదురుగాలికి మూడుసార్లు కరెంటు పోయింది. మూడోసారి తిరిగి వచ్చేసరికి నా పేరు గిల్డులో లేదు. తీసేసినట్టు ఒక్క ముక్క రాసినవాడు కూడా లేడు. దండ వేసి తీసుకెళ్లడం ఇదేనా?

శవయాత్ర:
ఎవర్‌క్వెస్ట్‌లో అయితే మీ శవం అక్కడే ఉండేది.

మంత్రసాని:
హాస్యమా?

నిద్రలేదు:
శవయాత్ర గారూ, కాసేపు ఆగండి.

పాతకాపు:
మీకు జరిగింది అన్యాయమే, కానీ ఒక చెడ్డ గిల్డును చూపించి మొత్తం పద్ధతినే తప్పుపట్టడం సరికాదు. మనుషులతో వ్యవహారం అన్నాక సర్దుకుపోవాలి. కష్టం వద్దు, మనుషులు వద్దు, లూట్ (దొరికే సొత్తు) మాత్రం కావాలి అనేవాళ్ల కోసమే ఫైండర్ పెట్టారు.

మంత్రసాని:
రాత్రి మూడింటి దాకా మేలుకున్నదాన్ని పట్టుకుని కష్టం వద్దనుకునే మనిషి అంటారా? సూటిగా అడుగుతున్నాను. మీ గిల్డులో రైడ్‌కు పేర్లు రాసింది ఎవరు?

పాతకాపు:
నేనే. 2005, 2006లలో. డల్లాస్‌లో ఉండేవాడిని.

మంత్రసాని:
ఇండియా నుంచి ఆడేవారిని ఎంతమందిని తీసుకున్నారు?

పాతకాపు:
ఒక మేజ్ (మాంత్రికుడి పాత్ర ఆడేవాడు) అడిగాడు. వైజాగ్ కుర్రాడు. పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి వచ్చే ఆలస్యం) మూడు వందల మిల్లీసెకన్లు దాటుతోందని తీసుకోలేదు. నలభై మంది రైడ్ అది. ఒక్కడు ఆలస్యంగా కదిలితే మిగతా ముప్పై తొమ్మిది మంది రాత్రి పాడవుతుంది. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోవడం లేదు.

మంత్రసాని:
అదీ సంగతి. పేర్లు రాసే పలక మీ చేతిలోంచి జారిపోయింది, దానికి ఇన్నేళ్లుగా ఏడుస్తున్నారు. యంత్రం నా ఊరు అడగలేదు, పింగ్ అడగలేదు, కరెంటు ఉందా అని అడగలేదు. మొరటుదే, మాట్లాడదు. కానీ నన్ను వాకిట్లో నిలబెట్టలేదు.

ప్రోంతేరా_బిచ్చగాడు:
ఆ వైజాగ్ కుర్రాడు మా నెట్ సెంటర్ వాడు కాకపోతే బాగుండు.

పాతకాపు:
అధికారం అంటున్నారు. ఆ పలక మోస్తే తెలిసేది. వారానికి మూడు రాత్రులు, నలభై మంది. ఎవరు వస్తారు, ఎవరు రారు, ఎవరికి ఎవరితో పడదు, ఎవరి పాయింట్లు ఎన్ని, అన్నీ ఆఫీసులో దాచుకుని పట్టికలో ఎక్కించేవాడిని. ఒకడి విడాకుల సంగతి అర్ధరాత్రి రెండు గంటలు విన్నాను, వాడు మా ట్యాంకు కనుక. మా ఆవిడ దాన్ని రెండో ఉద్యోగం అనేది, జీతం లేనిది. ఒక్కరూ మెచ్చుకోలేదు. అదంతా ఒక్క బొత్తాంతో అయిపోతుందని 2009లో చూపించేసరికి, ఆ రెండేళ్లు నేను చేసింది ఏమిటో నాకే అర్థం కాలేదు. మీకు తలుపు తెరుచుకుంది, నిజమే. నాకు మాత్రం నువ్వు అక్కర్లేదు పో అన్నట్టయింది.

నిద్రలేదు:
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

మంత్రసాని:
నన్ను తీసేసినవాడు కూడా అలాంటి పట్టిక ముందే కూర్చుని ఉంటాడు. అయినా ఒక్క ముక్క రాయడానికి అర నిమిషం చాలు.

పాతకాపు:
రాయాల్సింది. నేనూ ఆ మేజ్‌కు రాయలేదు.

ఇంతకీ మూడోసారి కరెంటు పోయింది ఏ బాస్ దగ్గర?

మంత్రసాని:
వేలస్ట్రాజ్.

పాతకాపు:
వేలస్ట్రాజా! అక్కడ మూడు నిమిషాలే ఆట, ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉండదు. అక్కడ హీలరు మాయమైతే నేనైనా తీసేసేవాడినే.

మంత్రసాని:
మొదటి నుంచీ నేను చెబుతున్నది అదే కదండీ.

లెక్కలమాస్టారు:
బ్యాటిల్‌గ్రూప్ సంగతి ఇంకా తేలలేదు.