అప్‌డేట్: బల్ల మీదికి చిన్న ఆంప్లిఫయర్ – గుయ్‌మనే శబ్దం పోయింది

విజయనగరం నుంచి ఇదివరకు అడిగింది నేనే. ల్యాప్‌టాప్‌లో పాటలు వినడానికి, బల్ల మీద పట్టే స్టీరియో ఆంప్లిఫయర్ 50 వాట్లది కొనాలా, 100 వాట్లదా? స్నేహితుడిది తెచ్చి పెడితే స్పీకర్లలో గుయ్‌మంటోంది, ఎందుకు? జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడు తమ్ముడూ" అని ఇక్కడ ఒకాయన చెప్పిన మాటే నిజమైంది. మా ఊరి మెకానిక్ గారూ అదే చేసి చూపించారు. ప్లగ్ పీకగానే శబ్దం ఠక్కున ఆగింది, పెట్టగానే మళ్ళీ మొదలు. గ్రౌండ్ లూప్ అట, అంటే ఎర్త్ తీగలు రెండు దారుల్లో కలిసి చుట్టులా మారి, అందులో పారే కరెంటు గుయ్‌మని వినిపించడం. ఛార్జర్‌కీ ఆంప్లిఫయర్‌కీ ఎర్త్ ఉంది, మధ్యలో యూఎస్‌బీ తీగ ఆ రెంటినీ కలిపేస్తోంది. కొందరు ఎర్త్ పిన్ను తీసేస్తారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు, ప్రాణాలకే ముప్పు.

చివరికి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న చిన్న క్లాస్-డి (తక్కువ వేడెక్కే రకం) ఆంప్లిఫయర్ కొన్నాను, ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ నుంచి ఆప్టికల్‌కి మార్చే డబ్బీ తగిలించాను. ఆ తీగలో వెళ్ళేది వెలుగే, కరెంటు కాదు, కాబట్టి లూప్ తెగిపోయింది.

వాట్ల గొడవ అనవసరం. నా స్పీకర్లు ఒక వాటుకి మీటరు దూరంలో 86 డెసిబెల్స్ ఇస్తాయి, నేను కూర్చునేది అంతకన్నా దగ్గర, కాబట్టి ఒకట్రెండు వాట్లకే గట్టిగా వినిపిస్తుంది, 50 వాట్లదైనా ఎక్కువే. ఖరీదైన స్పీకర్ వైర్లూ అక్కర్లేదు.

వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారి పాత రికార్డింగుల్లో కమాను తీగ మీద ఆనే గరగర కూడా ఇప్పుడు విడిగా వినిపిస్తోంది. ఇదే ఇబ్బంది ఉన్నవాళ్ళు కొనేముందు ఛార్జర్ పీకి చూడండి.