అటక మీద దొరికిన రేకు డబ్బా పొయ్యేనా?

బెజవాడ మనవరాలు:
నమస్కారమండీ. సత్యనారాయణపురంలో మా నాయనమ్మ ఉన్న పెంకుటిల్లు తీసేసి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. సామాను సర్దుతుంటే వంటింటి అటక మీద మూరెడు ఎత్తున రేకు డబ్బా ఒకటి కనపడింది. పైన గిన్నె ఆనడానికి మూడు దిమ్మలు, కింద పక్కగా గుండ్రటి రంధ్రం. కట్టెలు పెట్టడానికి ఆ రంధ్రం చాలదు. అమ్మ కాపురానికి వచ్చేసరికే ఇంట్లో గ్యాస్ ఉందట, తనకీ తెలియదు. పాత సామాను అతను రేపు వస్తానన్నాడు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పటమట రావు:
బొగ్గుల కుంపటేమో చూడండి. మధ్యలో ఇనప జల్లెడ ఉంటే అదే.

కొత్తపేట పెద్దమ్మ:
జల్లెడ లేకపోతే అది పొట్టు పొయ్యి, తల్లీ. దయచేసి పాత సామాను అతనికి ఇవ్వకు. గుంటూరులో మా అమ్మ వంటంతా దాని మీదే చేసేది.

సామిల్లు నుంచి రంపప్పొట్టు బస్తాలతో తెచ్చుకునేవాళ్లం. కట్టెల కన్నా చవక. రాత్రి అంట్లు తోమాక పొయ్యి కూరి పెట్టుకోవాలి. డబ్బా నడిమధ్యన ఖాళీ సీసా నిలబెట్టి, కింది రంధ్రంలోంచి ఒక కర్ర దూర్చి సీసా అడుగుకి ఆనించాలి. చుట్టూ గుప్పెడు గుప్పెడు పొట్టు పోస్తూ గట్టిగా అదమాలి. నిండాక సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగి, కర్ర కూడా తీసేస్తే, కింద నుంచి పైకి గాలి ఆడే దారి ఏర్పడుతుంది. కూరడం వదులైతే మంట మధ్యలో పొట్టు కూలి దారి మూసుకుపోతుంది, ఇక ఇల్లంతా పొగే. అందుకే ఆ పని అమ్మ మాకెవరికీ అప్పజెప్పేది కాదు.

పొద్దున కిరసనాయిలు గుడ్డ ముట్టించి కింద పెడితే అంటుకునేది. ఒకసారి అంటుకున్నాక రెండు మూడు గంటలు ఆరదు, మన ఇష్టానికి ఆపడానికీ లేదు. పొట్టు వృథా కాకూడదు కాబట్టి వరస ముందే అనుకునేది: పప్పు, అన్నం, పులుసు, చివర్న మిగిలిన సెగ మీద పాలు. మా ఇంట్లో భోజనాల వేళ ఆ పొయ్యిని బట్టే ఉండేది. గిన్నెల అడుక్కి మట్టి పూసేవాళ్లం, మసి తేలిగ్గా వదులుతుందని.

వంటగ్యాస్ బొంబాయిలో 1955లోనే వచ్చింది. మాకు మాత్రం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. 1999లో పేదింటి ఆడవాళ్లకి గ్యాస్ కనెక్షన్లిచ్చే దీపం పథకం వచ్చేనాటికి కూడా మన వైపు ఎన్నో ఇళ్లలో కట్టెపొయ్యే. సిలిండర్ వచ్చిన ఏడే మా వంటింట్లో గట్టు కట్టించారు. అమ్మ అప్పటిదాకా పీట మీద కూర్చుని వండిన మనిషి, నిలబడి వండటానికి చాలా ఇబ్బంది పడింది. ఇల్లు కట్టిన మేస్త్రి పేరు, దూలాల టేకు ఎక్కడిదో మగవాళ్లు చెబుతారు. ఆ వంటింట్లో రోజు ఎలా గడిచిందో ఎవరూ రాసి పెట్టలేదు. మీ వీధిలో ఎనభై దాటిన వాళ్లుంటే ఇల్లు పడగొట్టేలోపే అడుగు.

తెనాలి అబ్బాయి:
మా వైపు రైస్‌మిల్లులు ఎక్కువ కదండీ, ఊక పొయ్యిలు ఉండేవి. ఊకకి బూడిద ఎక్కువ, మాటిమాటికీ కదపాలి. మనవరాలు గారూ, వెలిగించి చూడాలనిపిస్తే పెరట్లోనే వెలిగించండి. లోపల మట్టి పూత రాలిపోయి ఉంటే ముందు పూయించండి, లేకపోతే రేకు కాలిపోతుంది.

బెజవాడ మనవరాలు:
లోపల మట్టి పూత సగం ఉందండీ, జల్లెడ లేదు. పొయ్యి ఇవ్వట్లేదు. పెద్దమ్మగారూ, ఎదురింటి మామ్మగారికి ఎనభై నాలుగేళ్లు, సాయంత్రం వెళ్తున్నాను. పొయ్యి గురించి కాక ఇంకేం అడగమంటారు?

కొత్తపేట పెద్దమ్మ:
నీళ్లు ఎక్కణ్ణుంచి, ఎవరు మోసేవారో అడుగు. వడ్లు ఇంట్లో దంచేవారా, మిల్లుకి పంపేవారా అడుగు. వానాకాలంలో పొట్టు తడవకుండా ఎక్కడ దాచేవారో తప్పకుండా అడుగు. మా ఇంట్లో అయితే అమ్మ మంచం కిందే.