టెక్నికల్ రైటింగ్ చదవడానికి వచ్చాను, భయంగా ఉంది

తిరుపతి అమ్మాయి: అందరికీ నమస్కారం. ఎస్వీయూలో బీటెక్ చేసి, ప్రొఫెషనల్ అండ్ టెక్నికల్ రైటింగ్‌లో (మాన్యువళ్లు, వాడే విధానాలు రాసే చదువు) మాస్టర్స్‌కని ఈమధ్యే అమెరికా వచ్చాను. క్లాసులో అందరూ ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే. నా ఇంగ్లీషు తలుచుకుంటేనే టెన్షన్. "ఇంగ్లీషు రాసేదానికి అంత దూరం ఎందుకమ్మా" అని మా నాయన ఇంకా అంటూనే ఉన్నాడు.

పలమనేరు అక్క: దానికి బెంగ పెట్టుకోవద్దమ్మా. ఈ పనిలో సొగసైన ఇంగ్లీషు ఎవరికీ అక్కర్లేదు. విమానాల రిపేరు మాన్యువళ్ల కోసం పుట్టిన సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్‌లో, ఫలానా పని చెయ్యి అని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు. చదివేవాళ్లు ఆ నిమిషంలో ఎక్కడున్నారో, చేతిలో ఏముందో పట్టుకోవడమే అసలు చదువు. ఉదాహరణకు అలిపిరిలో కొండ ఎక్కేముందు లగేజీ ఇచ్చేదే తీసుకో. "వరుసలో నిలబడండి. సంచి కౌంటర్‌లో ఇవ్వండి. రసీదు తీసుకోండి. సంచికి తాళం వేసి ఉండాలి." తప్పేమీ లేదు. కానీ తాళం సంగతి ఆఖర్న పెడితే మీ అవ్వ కౌంటర్ దాకా పోయి, తాళం కొనడానికి వెనక్కి రావాలి. వెనకున్నవాళ్ల తిట్లు ఆమెకు కాదు, రాసినవాళ్లకు తగలాలి! ఇలాంటిదొకటి రాసి, కొండ ఎప్పుడూ ఎక్కని క్లాస్‌మేట్‌కు ఇవ్వు. నువ్వు నోరు మెదపకు. ఆ పిల్ల ఎక్కడ ఆగితే అక్కడ తిరగరాయి. మొదటి ప్రతి, మార్చిన ప్రతి రెండూ దాచుకో, పోర్ట్‌ఫోలియోలో పనికొస్తాయి.

చిత్తూరు అన్న: అదంతా సరే, ముందు నీ ఐ-20, అదే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం, తీసి చూడమ్మా. మేజర్ దగ్గర సీఐపీ కోడ్, అంటే చదివే సబ్జెక్టుకు ఇక్కడి ప్రభుత్వం ఇచ్చిన నంబరు, ఉంటుంది. 23.1303 అయితే అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో లేదు, ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతి, 12 నెలలతో సరి. స్టెమ్ కోడ్ అయితే ఇంకో 24 నెలలకు అప్లై చేసుకోవచ్చు. కోర్సు పేరులో టెక్నికల్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు.

పలమనేరు అక్క: ఇంకోటి. సీనియర్లు టెక్నికల్ రైటర్ల సంఘం ఎస్‌టీసీలో చేరమంటారేమో, 1953లో మొదలైన ఆ సంఘం 2025 జనవరిలో మూతపడింది. 'రైట్ ద డాక్స్' అని ఈ పని చేసేవాళ్ల గ్రూపు ఉంది, అందులో చేరు. మార్క్‌డౌన్ (టెక్స్ట్‌ను ఫార్మాట్ చేసే గుర్తులు), గిట్ (ఫైళ్లలో మార్పులను దాచిపెట్టే టూల్) నేర్చుకో, బీటెక్ చేసినదానివి, నీకదో లెక్క కాదు.

తిరుపతి అమ్మాయి: థాంక్సక్కా, థాంక్సన్నా. ఐ-20 చూశాను, 23.1303 అనే ఉంది. సోమవారం డీఎస్‌ఓను, అదే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని, కలుస్తున్నా.

చిత్తూరు అన్న: మీ యూనివర్సిటీలోనే వేరే కోడ్ ఉన్న ప్రోగ్రామ్‌కు మారే వీలుందా, ఇప్పటి క్రెడిట్లు అక్కడ చెల్లుతాయా, రెండూ అడుగు. జవాబు ఈమెయిల్‌లో ఇమ్మను.