యూబా సిటీ తాతగారి పౌరసత్వం ఫైలు కౌంటీ కోర్టులో ఉంటుందా, ఫెడరల్ కోర్టులోనా?

అందరికీ నమస్కారం. మేం శాక్రమెంటోలో ఉంటాం. మా పక్కింటి పెద్దావిడ తాతగారు పంజాబ్ నుంచి వచ్చి కాలిఫోర్నియాలో యూబా సిటీ ఉన్న సట్టర్ కౌంటీలో పొలాలు చేసుకున్నారు, మెక్సికన్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. పంజాబ్‌లో ఆయన పుట్టిన ఊరి పేరేమిటో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆవిడకి ఎనభై దాటాయి, ఆ ఒక్కటీ తెలుసుకోవాలని ఎంతో ఆశ.

కౌంటీ నుంచి పెళ్లి లైసెన్సు నకలు తెచ్చాం. రంగు అన్న గడిలో ఇద్దరికీ "బ్రౌన్" అని రాసుంది. పుట్టిన చోటు దగ్గర ఉత్త "ఇండియా", అంతే.

1923లో థింద్ అనే ఆయన కేసులో, భారతీయులు తెల్లవాళ్ల లెక్కలోకి రారని అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పుతో మనవాళ్లకి పౌరసత్వం దారి మూసుకుపోయింది, మళ్లీ తెరుచుకున్నది 1946 చట్టంతోనే. ఈయన ఆ తర్వాతే పౌరుడయ్యారని ఇంట్లో చెబుతారు. పౌరసత్వ దరఖాస్తులో పుట్టిన ఊరు, వచ్చిన ఓడ రాయించేవారు కాబట్టి నా ఆశంతా దానిమీదే. అప్పట్లో పౌరసత్వం కౌంటీలోని సుపీరియర్ కోర్టూ ఇవ్వచ్చు, ఫెడరల్ జిల్లా కోర్టూ ఇవ్వచ్చు. పైగా ఫెడరల్ కోర్టుల లెక్కలో, 1966లో ఈస్టర్న్ డిస్ట్రిక్ట్ ఏర్పడేదాకా శాక్రమెంటో నార్తర్న్ డిస్ట్రిక్ట్ కిందే ఉండేది.

సట్టర్ కౌంటీవాళ్లు అప్పుడు ఎక్కువగా ఏ కోర్టుకి వెళ్లేవారు? శాన్ బ్రూనోలోని నేషనల్ ఆర్కైవ్స్‌ని అడిగేటప్పుడు ఏ డిస్ట్రిక్ట్ పేరు రాయాలి? లేక నేరుగా ఇమిగ్రేషన్ శాఖ వంశావళి విభాగంలో సి-ఫైలుకి (పౌరసత్వ సర్టిఫికెట్ ఫైలుకి) పెట్టుకోవడం మేలా? "సింగ్" పేరుతో వెతికి మనిషిని గుర్తుపట్టినవాళ్లుంటే ఎలాగో దయచేసి చెప్పండి.