గోల్కొండను కూల్చింది తెరిచిన తలుపేనా?

ప్రశ్న:
1687 సెప్టెంబరులో గోల్కొండ మొఘలుల వశమైన తీరును ఎక్కడ చదివినా, గోల్కొండ సేనాని అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచానికి లొంగి రాత్రివేళ కోట తలుపు తీశాడన్న మాటతోనే ముగుస్తుంది. సుమారు 8 నెలల ముట్టడిని తట్టుకున్న రాజ్యాన్ని క్షీణించిందని ఎలా అంటాము? ఆ తలుపు మూసే ఉంటే కుతుబ్‌షాహీ పాలన నిలిచేదా?

మొదటి జవాబు:
నిలిచేది కాదని నా అభిప్రాయం. కోటగోడల కంటే ముందే సార్వభౌమాధికారం బీటలువారింది. 1636లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా రాసిచ్చిన విధేయతా పత్రం ప్రకారం ఖుత్బాలో (పాలకుడి పేరు చదివే శుక్రవారపు ప్రసంగంలో) మొఘల్ చక్రవర్తి షాజహాన్ పేరు చదవాలి, ఏటా 2 లక్షల హొన్నుల (బంగారు నాణేల) కప్పం కట్టాలి. 1656లో గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా మొఘలుల పక్షం చేరాడు. అదే ఏడు కోటను ముట్టడించిన ఔరంగజేబు తన తండ్రి షాజహాన్ ఆజ్ఞ మీదనే వెనుదిరిగాడు కనుక, ఆ తరువాతి 31 ఏళ్ల ఆయుష్షు గోల్కొండ స్వశక్తితో సంపాదించుకున్నది కాదు. వజ్రాల గనులు, మచిలీపట్నం రేవు ఉన్న రాజ్యాన్ని బీదదని ఎవరూ అనలేరు. తన నిర్ణయాలు తన చేతిలో లేకపోవడమే దాని క్షీణత.

రెండవ జవాబు:
పై వాదన సబబే గాని, ద్రోహాన్ని అంత తేలికగా తీసివేయలేము. ముట్టడివేసిన సైన్యం కూడా కరవుతో, వానలతో, రోగాలతో అల్లాడింది. కోట నుంచి వచ్చిన ఫిరంగి గుండు దెబ్బకే మొఘల్ సేనాని కులీచ్ ఖాన్ మరణించాడు. తలుపు తెరుచుకున్న రాత్రి గోల్కొండ సేనాని అబ్దుర్ రజాక్ లారీ దాదాపు ఒంటరిగా ఎదురునిలిచి, ఒళ్లంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు. ఇలాంటివాడు మిగిలి ఉండగా రాజ్యం ముందే చచ్చిపోయిందనడానికి నాకు మనసొప్పదు.

మొదటి జవాబు రాసినవారు:
లారీ శౌర్యానికి నేనూ తల వంచుతాను. అయితే 1685లో సేనాని మీర్ ముహమ్మద్ ఇబ్రహీం శత్రువుతో కలిసిపోవడం, చివరి సుల్తాను తానాషా కోటలోకి తరలిపోగా దిక్కులేని హైదరాబాదు దోపిడీకి గురికావడం, మరుసటి మార్చిలో పాలనాభారం మోస్తున్న అక్కన్న మాదన్నలను సొంతవారే చంపడం, ఇవన్నీ పన్నీ తలుపు తీయడానికి ముందే జరిగాయి. 1686 సెప్టెంబరులో బీజాపూరు కూడా పడిపోయాక దక్కనులో మొఘలులకు మిగిలిన సుల్తాను తానాషా ఒక్కడే. అతను దౌలతాబాదులో బందీగానే కన్నుమూశాడు.

ఆక్రమణ తరువాతి సంగతి కూడా చూడాలి. మొఘల్ బలగాలు మరాఠాలపై యుద్ధానికి తరలిపోవడంతో కొత్త సుబాలో (మొఘల్ రాష్ట్రంలో) వారి అధికారం పలచబడింది. 1708లో తిరుగుబాటుదారు సర్వాయి పాపన్న వరంగల్లునే కొల్లగొట్టగలిగాడు.